తెల్లవారుజాము దిగులుకు మూడు వరుసలు

డెబ్బై దాటాక తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తుంది. మోకాళ్ల నొప్పి, దూరాన ఉన్న పిల్లలు, పోయినవాళ్లు అన్నీ ఒక్కసారే గుర్తుకొస్తాయి. నాకు పనికొచ్చిన ఉపాయం ఇది. రాత్రి పడుకునే ముందు పాత క్యాలెండర్ కాగితం వెనుక మూడు వరుసలు రాసి దిండు పక్కన పెట్టుకోండి: ఆ రోజు కంటికి నచ్చినది ఒకటి, రేపు ఫోను చేయాల్సిన మనిషి ఒకరు, రేపటి చిన్న పని ఒకటి. నిన్న నేను రాసుకున్నది, మా నెల్లూరులో రంగనాయకుల గుడి గాలిగోపురం మీద పడిన సాయంత్రపు ఎండ. పని పావుగంటలో అయ్యేదే ఉండాలి. కరివేపాకు మొక్కకు నీళ్లు పోయడం చాలు. మెలకువ రాగానే ముందు అదే చదవండి. అక్షరాలు పెద్దవిగా ఉంటే కళ్లజోడు వెతుక్కునే పని ఉండదు.

రెండు వారాలైనా దిగులు తగ్గక, తిండీ నిద్రా కరువైతే మాత్రం ఇది చాలదు. డాక్టరును కలవండి, లేదా మనసు బాధలకు సలహా ఇచ్చే ప్రభుత్వ ఉచిత ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి.