నలభై దాటాక ఈత: ఆయాసం తగ్గాలన్నా, భుజం నిలవాలన్నా

పాతిక మీటర్లు ఈదేసరికి రొప్పు వస్తే ఒంట్లో సత్తువ తగ్గిందనుకుంటాం. చాలాసార్లు కారణం వేరే. నీరు గాలికన్నా దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. ఒళ్లు కాస్త ఏటవాలుగా తేలినా ఛాతీకి, తొడలకి అదే అడ్డు. ఆ అడ్డు తగ్గించుకుంటే ఉన్న బలంతోనే హాయిగా ఈదొచ్చు. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా ఫ్రీస్టైల్ గురించి, అంటే బోర్లా తేలుతూ చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వేసే ఈత.

ముందు ఊపిరి సంగతి. ముఖం నీళ్లలో ఉన్నంతసేపూ ఊపిరి బిగబట్టి, తల తిప్పాక వదలడం, పీల్చడం రెండూ చేయబోతారు. అంత వ్యవధి ఉండదు, పాత గాలి లోపలే మిగిలిపోతుంది. లోతు తక్కువ చోట గోడ పట్టుకుని, ముఖం ముంచి, ముక్కుతో సన్నగా ఆగకుండా బుడగలు వదలండి. తల పక్కకి తిప్పి నోటితో పీల్చండి. పదేసి సార్లు, మూడు విడతలు. పీల్చేటప్పుడు ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి. రెండూ బయటపడితే తల ఎత్తేశారన్నమాట.

తల లేస్తే తుంటి మునుగుతుంది. గోడను తన్ని, చేతులు చాచి, చూపు అడుగువైపు పెట్టి జారండి. మరోసారి ఎదుటి గోడను చూస్తూ జారండి. ఈసారి ముందే ఆగిపోతారు.

ఈ వయసులో అన్నిటికన్నా జాగ్రత్తగా కాచుకోవాల్సింది భుజాన్ని. చేయి భుజానికి సూటిగా ముందు, వేళ్ల కొనలతో, అరచేయి కిందికి చూస్తూ దిగాలి. బొటనవేలు ముందు దిగినా, చేయి తలకి అడ్డంగా అవతలి పక్కకి పోయినా భుజం లోపలికి మెలిపడి కండరాన్ని ఎముకకి కలిపే స్నాయువులు ఎముకల మధ్య నలుగుతాయి. దిగాక మోచేతిని పైనే ఉంచి, ముంజేతిని నిలువుగా దించి నీటిని వెనక్కి నెట్టండి. కిందికి అదిమితే తల లేస్తుందే తప్ప ముందుకు సాగరు. ప్రతి బారకీ, అంటే చేయి వేసిన ప్రతిసారీ, మొండెం 30–45 డిగ్రీలు పక్కకి ఒరగాలి, లేకుంటే చేయి పైకి తీసే భారమంతా భుజానిదే. ప్యాడిల్స్ (అరచేతులకి తొడుక్కునే ప్లాస్టిక్ పలకలు) ఇప్పుడే వద్దు. భుజం నొప్పిగా ఉన్న రోజు, చేతులతో పట్టుకుని కాళ్లాడించే తేలుడు బోర్డు కూడా పట్టుకోకండి. చేతులు పక్కన పెట్టి వెల్లకిలా కాళ్లాడించండి.

కాళ్లు తుంటి నుంచి ఆడాలి. మోకాళ్లు సైకిల్ తొక్కినట్టు మడిస్తే వేగం చచ్చిపోతుంది. చీలమండలు బిగుసుకున్నవాళ్లకి పొట్టి ఫిన్స్ (పాదాలకి తొడుక్కునే రబ్బరు రెక్కలు) సాయపడతాయి. మోకాళ్ల నొప్పులుంటే బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా కాళ్లు మడిచి తన్నే ఈత) తగ్గించండి.

వారానికి ఒక్కసారి రెండు గంటలకన్నా, మూడుసార్లు 30–40 నిమిషాలు మేలు. గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టాలి, చల్లటి నీళ్లలోకి ఒక్కసారిగా దూకకూడదు.

25 మీటర్లు ఎనిమిది సార్లు, మధ్యలో 30 సెకన్ల విరామంతో ఈదుతూ ప్రతిసారీ బారలూ సెకన్లూ లెక్కపెట్టండి. బారలు తగ్గి సెకన్లు పెరిగితే జారుతూ కాలక్షేపం చేస్తున్నట్టు, అది మెరుగు కాదు. మొదట 24 బారలు పట్టింది చివర్లో 28కి చేరితే భంగిమ చెదిరింది. ఆ రోజుకి ఒడ్డెక్కేయండి.