వినియోగదారుడి ఎంపికను విశ్లేషించే పద్ధతి

ఎవరు ఏ వస్తువును ఎంత కొంటారనే ప్రశ్నను ఆర్థికవేత్తలు రెండుగా విడదీస్తారు: వారికి ఏది సాధ్యం, ఏది ఇష్టం. ఈ రెండింటినీ కలగాపులగం చేస్తే విశ్లేషణ ముందుకు సాగదు కాబట్టి, లెక్కకు అందే మొదటి భాగంతోనే ప్రారంభించడం మంచిది.

ఒక గృహిణి పండ్ల కోసం 600 రూపాయలు కేటాయించిందనీ, మామిడి కిలో 100, అరటి డజను 50 రూపాయలనీ అనుకుందాం. డబ్బంతా మామిడికే పెడితే 6 కిలోలు, అరటికే పెడితే 12 డజన్లు వస్తాయి. అడ్డంగా మామిడిని, నిలువుగా అరటిని తీసుకుని ఆ రెండు బిందువులను కలిపితే బడ్జెట్ రేఖ ఏర్పడుతుంది. దాని వాలు, రుణ గుర్తును పక్కనపెడితే, 2. అంటే ఒక కిలో మామిడికి 2 డజన్ల అరటిపండ్లు వదులుకోవాలన్నది బజారు పెట్టే షరతు.

ఇక ఇష్టాల సంగతి. 1854లో గాసెన్, 1890లో మార్షల్ అనే ఆర్థికవేత్తలు ప్రయోజనాన్ని, అంటే వస్తువు ఇచ్చే తృప్తిని, కొలవదగిన పరిమాణంగానే భావించి, వస్తువు పెరిగేకొద్దీ అదనపు యూనిట్ ఇచ్చే ఉపాంత ప్రయోజనం తగ్గుతుందన్నారు. 1934లో హిక్స్, ఆలెన్ ఆ కొలత అవసరం లేదని, ఏ కలయిక కంటే ఏది మెరుగో వరుస చెప్పగలిగితే చాలునని చూపారు. ఒకే తృప్తినిచ్చే కలయికలన్నిటినీ కలిపే గీతే ఉదాసీనతా వక్రరేఖ. విద్యార్థులు తరచుగా పొరబడేది ఇక్కడే: ఒక కలయికకు 10, మరొకదానికి 20 అని రాస్తే రెండోది మెరుగని మాత్రమే అర్థం, రెట్టింపు తృప్తినిస్తుందని కాదు.

ఇప్పుడు రెండు భాగాలనూ కలపాలి. మరో కిలో మామిడి కోసం ఆమె 3 డజన్ల అరటిపండ్లు వదులుకోవడానికి సిద్ధంగా ఉండి, బజారు 2 డజన్లే అడుగుతుంటే, మామిడి ఇంకా కొనడమే ఆమెకు లాభం. కొనేకొద్దీ ఆ సంసిద్ధత తగ్గి, 2 డజన్లకు చేరిన చోట సమతౌల్యం ఏర్పడుతుంది. ఆమెకు అరటి బొత్తిగా గిట్టకపోతే ఈ సమానత్వం కుదరదు. అప్పుడు జవాబు బడ్జెట్ రేఖకు మామిడి వైపు చివర ఉంటుంది.

ఆమె 3 కిలోల మామిడి, 6 డజన్ల అరటి కొంటోందనుకుందాం. మామిడి ధర 150కి పెరిగితే పాత కొనుగోలుకే 750 రూపాయలు కావాలి. 1915లో ఆర్థికవేత్త స్లట్‌స్కీ చూపిన దారిలో, ముందు ఆ అదనపు 150 రూపాయలు ఆమె చేతికిచ్చినట్లు ఊహించాలి. అయినా ఆమె మామిడిని తగ్గించుకుంటే ఆ తగ్గుదల ప్రత్యామ్నాయ ప్రభావం. ఆ 150 తిరిగి తీసేసుకున్నాక వచ్చే మార్పు ఆదాయ ప్రభావం. ఈ విభజన నాకు సిద్ధాంతమంతటిలోకీ విలువైన భాగంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇది జీతాల చర్చకు నేరుగా పనికొస్తుంది. కేంద్ర ఉద్యోగుల కరువు భత్యానికి ఆధారమైన పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ, నిర్ణీత వస్తువుల బుట్ట ఖర్చునే లెక్కిస్తుంది. మన గృహిణికి 750 ఇస్తే పాత బుట్టను యథాతథంగా కొనవచ్చు, లేదా మామిడి తగ్గించి అరటి పెంచుకుని అంతకంటే ఎక్కువ తృప్తి పొందవచ్చు. కనుక ప్రత్యామ్నాయాలకు వీలున్నంత మేరకు అలాంటి సూచీ జీవన వ్యయం పెరుగుదలను కాస్త ఎక్కువ చేసి చూపుతుంది.