బెంగళూరులో వ్యాపార సంఘాల్లో, గ్రోత్ ప్రోగ్రాముల్లో చేరి లాభపడడం ఎలా?

బెంగళూరు పారిశ్రామికవాడ పీణ్యలో అట్టపెట్టెల యూనిట్ పెట్టిన మూడేళ్లదాకా నేను ఏ సంఘం గడపా తొక్కలేదు. పని వదిలి మీటింగులకు తిరిగే టైం ఎక్కడిది అనుకునేవాణ్ణి. అలాంటప్పుడు ఒక కస్టమర్ నాలుగు నెలలు డబ్బు ఆపేశాడు. జీతాలకు చేబదులు తెచ్చి టెన్షన్‌తో తిరుగుతుంటే, మా వరసలోనే షెడ్ ఉన్న నెల్లూరాయన అడిగారు: "ఏం బాబూ, నీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందా?"

ఉంది. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర చేసుకునే నమోదు అది. బ్యాంకు లోను కోసం చేయించుకుని ఫైల్లో పెట్టేశాను. ఆయన చెప్పేదాకా దాని బలం నాకు తెలీదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మనలాంటి చిన్న యూనిట్లకు, సరుకు అందుకున్నవాళ్లు ఎంత గడువుకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. రాతకోతలు లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే 'బ్యాంకు రేటు'కు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ సంగతి మర్యాదగా రాసి మెయిల్ పంపాను, రెండు వారాల్లో డబ్బు పడింది. ఆ నెలలోనే ఆయన వెంట సంఘం మీటింగుకు వెళ్లాను.

1. ముందు మీ అవసరం ఒక్కటి రాసుకోండి

కస్టమర్లా, రూల్స్ తెలిసినవాళ్లా, పెట్టుబడా, లెక్కలు నేర్పేవాళ్లా? అన్నీ కావాలి అంటే ఏదీ దొరకదు.

2. దాన్నిబట్టి చోటు ఎంచుకోండి

ఫ్యాక్టరీ, కరెంటు, పన్నుల గొడవలకు పీణ్య ఇండస్ట్రీస్ అసోసియేషన్, 1949 నుంచి ఉన్న కాసియా (కర్ణాటక చిన్న పరిశ్రమల సంఘం). ఆడవాళ్లకు 1983లో మొదలైన మహిళా వ్యాపారుల సంఘం అవేక్ ఉంది. స్టార్టప్ వాళ్లు టై (TiE) అనే వ్యాపారుల నెట్‌వర్క్ బెంగళూరు చాప్టర్ (శాఖ) చూడండి. రెఫరల్స్, అంటే సభ్యులు ఒకరికొకరు కస్టమర్లను పరిచయం చేయడం, కావాలంటే బీఎన్ఐ (BNI) అనే నెట్‌వర్క్: ఒక చాప్టర్లో ఒక వృత్తికి ఒక్కరే, వారంవారం మీటింగు. హాజరు ఇవ్వలేనివాళ్లు అందులో చేరకపోవడమే మంచిది.

మారతహళ్లి వైపు మన తెలుగువాళ్ల వ్యాపార గ్రూపులూ ఉన్నాయి. ధైర్యం రావడానికి అవి మంచివే, కానీ అక్కడే ఆగిపోకండి. పీణ్యలో నాలుగు ముక్కలు కన్నడ మాట్లాడితే తలుపులు తొందరగా తెరుచుకుంటాయి.

3. ఫీజు కట్టేముందు గెస్టుగా వెళ్లండి

కుదిరితే రెండుసార్లు. మీటింగు అయ్యాక టీ దగ్గర సభ్యులు ఏం మాట్లాడుకుంటున్నారో వినండి. ఆర్డర్లు, బాకీలు, మెషిన్ల గురించైతే చేరండి. ఫోటోలు, శాలువాల గురించైతే వద్దు.

4. ఒక్క నిమిషంలో ఒక్కటే అడగండి

మీటింగులో మన గురించి చెప్పుకునే ఆ కాస్త టైం సంగతి ఇది. నేను బాగా దెబ్బతిన్నది ఇక్కడే. "అన్ని రకాల అట్టపెట్టెలు చేస్తామండీ" అని ఆరు వారాలు చెప్పాను. ఒక్క ఫోన్ రాలేదు. ఏడో వారం ఒక పెట్టె తీసుకెళ్లాను. ఐదు పొరల అట్ట, లోపల అడ్డపట్టీలు, నాలుగు గాజు సీసాల్లో ఆవకాయ. అందరి ముందూ నడుమెత్తు నుంచి నేలమీదికి వదిలేశాను. తెరిచి చూపిస్తే ఒక్క సీసా పగల్లేదు. "పచ్చళ్లు, తేనె కొరియర్లో పంపేవాళ్లు ఎవరైనా తెలిస్తే కలపండి" అన్నాను, అంతే. ఆ రోజే ఇద్దరి నంబర్లు దొరికాయి. అందులో ఒకరు ఇప్పటికీ నా కస్టమర్.

వినేవాళ్లకు సాయం చేయాలనే ఉంటుంది. ఎవరిని గుర్తు తెచ్చుకోవాలో మనం చెప్పాలి.

5. ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టండి

కలిసినవాళ్లకు వాట్సాప్‌లో రెండు లైన్లు చాలు. వాళ్లకు పనికొచ్చే ఒక నంబరో, ఒక మాటో మీరే ముందు ఇవ్వండి.

6. గ్రోత్ ప్రోగ్రాముకు లెక్కలతో వెళ్లండి

గ్రోత్ ప్రోగ్రామంటే వ్యాపారం పెంచుకోవడానికి క్లాసులు, మెంటర్ల (అనుభవజ్ఞుల) సలహా ఇచ్చేది. బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం వాళ్ల స్టార్టప్ కేంద్రం ఎన్ఎస్ఆర్‌సీఈఎల్ (NSRCEL) 2000 సంవత్సరం నుంచి వ్యాపారులకు తోడ్పడుతోంది. ఎక్కడ అప్లై చేసినా ముందు 12 నెలల అమ్మకాలు, ఒక్కో సరుకు మీద మిగిలేది, రావాల్సిన బాకీలు ఒక కాగితం మీద పెట్టుకోండి. నేను అలా వేసుకున్నప్పుడే తెలిసింది, నా పెద్ద ఆర్డర్‌లో రవాణా ఖర్చు పోను ఏమీ మిగలడం లేదని. మెంటర్‌కు ఇలాంటి లెక్క దాచకుండా చూపిస్తేనే పనికొచ్చే సలహా వస్తుంది. క్లాసులున్న రోజు షాపు చూసుకునే మనిషిని ముందే కుదుర్చుకోండి.

7. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి

ఎవరి ద్వారా ఏ ఆర్డర్ వచ్చింది, ఎవరికి మీరేం చేశారు, ఎంత ఖర్చయింది. సభ్యత్వం రెన్యూవల్ తేదీకి వారం ముందు అది తెరిచి, కట్టాలో మానాలో అప్పుడు తేల్చుకోండి.