కౌంటీ పుట్టినరోజుకి టెక్సస్ శాసనసభ తీర్మానం కావాలా? ఎవరిని, ఎప్పుడు, ఎలా అడగాలి

ప్లేనో, ఫ్రిస్కో, మెకిన్నీ, ఆలెన్‌లలో ఉండే మనవాళ్లలో చాలామందికి తాము కాలిన్ కౌంటీలో ఉన్నామన్న సంగతి ప్రాపర్టీ టాక్స్ బిల్లు చేతికొచ్చినప్పుడే గుర్తొస్తుంది. ఈ కౌంటీని ఫ్యానిన్ కౌంటీ నుంచి విడదీసి 1846 ఏప్రిల్ 3న ఏర్పాటు చేశారు. ఇలాంటి వార్షికోత్సవాలకి ఆస్టిన్‌లోని రాష్ట్ర శాసనసభ అభినందన తీర్మానం చేస్తుంది, అది మామూలు జనం అడిగినా జరిగే పనే. ఫారం, ఫీజు లాంటివేమీ లేవు. కాకపోతే తీర్మానాన్ని సభలో పెట్టాల్సింది సభ్యుడే, మనం నేరుగా పెట్టలేం.

అందరూ ముందు ఉత్తరం ఎలా రాయాలని అడుగుతారు గానీ, అసలు చూడాల్సింది క్యాలెండర్. టెక్సస్ శాసనసభ రెగ్యులర్ సెషన్ బేసి సంవత్సరాల్లోనే, జనవరి రెండో మంగళవారం మొదలై ఎక్కువలో ఎక్కువ 140 రోజులు నడుస్తుంది. కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీలు మూడూ 1846లోనే పుట్టాయి కాబట్టి 180వ ఏడు 2026లో, 200వ ఏడు 2046లో పడతాయి, రెండూ సరి సంవత్సరాలే! అంటే ద్విశతాబ్ది తీర్మానం కావాలంటే 2045 సెషన్‌లోనే అడిగి పెట్టుకోవాలి. 185వది మాత్రం 2031లో వస్తుంది, జనవరి 14న సెషన్ మొదలవుతుంది కాబట్టి ఏప్రిల్ 3 సరిగ్గా మధ్యలో పడుతుంది. హ్యూస్టన్ వైపు ఫోర్ట్ బెండ్ వాళ్లది ఇంకో తిరకాసు: కౌంటీని సృష్టించింది 1837 డిసెంబర్ 29న, పాలన ఏర్పడింది 1838లో. 2037 బేసి సంవత్సరమే అయినా డిసెంబర్ నాటికి సెషన్ ఎప్పుడో ముగిసిపోతుంది. ఏ తేదీని పుట్టినరోజు అనుకుంటున్నారో ముందే తేల్చుకుని, ఉత్తరంలో అదే రాయండి.

ఇక ఎవరిని అడగాలి. శాసనసభ వెబ్‌సైట్లో 'హూ రిప్రజెంట్స్ మీ' పేజీలో ఇంటి అడ్రస్ కొడితే మీ స్టేట్ రిప్రజెంటేటివ్, స్టేట్ సెనేటర్ ఎవరో వస్తుంది (హౌస్‌లో 150 మంది, సెనేట్‌లో 31 మంది). అదే పేజీలో వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ వాళ్ల పేర్లు కూడా కనిపిస్తాయి, వాళ్లకి రాస్తే ఈ పని కాదు. ఫ్రిస్కో వాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి, ఊరు కాలిన్, డెంటన్ రెండు కౌంటీల్లోనూ ఉంది. అడగడానికి సిటిజన్ అయి ఉండాలన్న నియమమేమీ లేదు, హెచ్-1బీ మీద ఉన్నవాళ్లూ మొహమాటపడక్కర్లేదు.

ఒక్క సభే చేసే తీర్మానం చాలు. రెండు సభలూ ఆమోదించే కంకరెంట్ తీర్మానానికి గవర్నర్ సంతకం కూడా కావాలి, ఒక వార్షికోత్సవానికి అంత హడావుడి అనవసరమని నా అభిప్రాయం. ఏది చేసినా ఇది గౌరవమే తప్ప చట్టం కాదు, నిధులేమీ రావు.

సెషన్‌కి ముందు నవంబర్, డిసెంబర్‌లలోనే ఆఫీసుకి ఈమెయిల్ పెట్టండి. మే నెలలో అడిగితే బిల్లుల టెన్షన్‌లో మీ మెయిల్ ఎవరూ తెరవరు. తీర్మానం భాష గురించి బెంగ వద్దు, 'వేర్‌యాజ్' అంటూ సాగే ఆ పాతకాలపు వాక్యాలు రాసిపెట్టడానికి లెజిస్లేటివ్ కౌన్సిల్ (మన శాసన మండలి లాంటిది కాదు, శాసనసభకి డ్రాఫ్టులు రాసిపెట్టే సంస్థ) సిబ్బంది ఉన్నారు. మీరు ఒక పేజీలో విషయం ఇస్తే చాలు. కాలిన్ అయితే 1836 టెక్సస్ స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన కాలిన్ మెకిన్నీ పేరే కౌంటీకీ, దాని ముఖ్య పట్టణానికీ పెట్టారనీ, మొదటి కేంద్రం బక్నర్ అనీ, 1848లో అది మెకిన్నీకి మారిందనీ, 1872లో రైలు వచ్చాక పత్తి వ్యాపారం పుంజుకుందనీ, 2020 లెక్కల్లో జనాభా పది లక్షలు దాటిందనీ రాయొచ్చు. మన తెలుగువాళ్ల గురించి ఒక వాక్యం ఉంటే బాగుంటుంది, ఒక్కటే. సంఘం కార్యవర్గం పేర్లన్నీ ఎక్కించాలని చూస్తే అది కౌంటీ తీర్మానం అనిపించుకోదు. ఏ రోజుకి కావాలో, సభ గ్యాలరీలో కూర్చోవడానికి ఎంతమంది వస్తారో కూడా అందులోనే చెప్పేయండి.

సెషన్ లేని ఏడాదిలో తప్పదనుకుంటే కౌంటీ కమిషనర్స్ కోర్టుని అడగండి. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు ఉండే పాలక మండలి అది, ఏడాది పొడవునా సమావేశమవుతుంది, అభినందన ప్రకటన ఇవ్వగలదు.

తీర్మానం ఫైల్ అయ్యాక ఒక నంబర్ వస్తుంది, దాన్ని 'టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్'లో కొడితే ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. అంతకంటే ముందు డ్రాఫ్ట్ చూపించమని అడగండి. తేదీలు, పేర్ల స్పెల్లింగులు అప్పుడే సరిచూసుకోవాలి, సభ ఆమోదించాక దిద్దించడం పెద్ద తలనొప్పి. ముద్రించిన కాపీలు ఎన్ని కావాలో కూడా ఆ మెయిల్లోనే అడిగేయండి.