రెండెకరాల సమీకృత సాగు – 3వ పాఠం: గుంటలో చేపలు, గట్టు మీద బాతులు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పన్నెండు నెలలూ వరసగా రాసి, ఏ నెలలో చేతికి డబ్బొస్తుందో, ఏ నెలలో అప్పు తెస్తున్నారో గుర్తు పెట్టమన్నాను. ఒడిశాలో మన పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు వానాకాలం వరి ఒక్కటే వేసే ఇంట్లో కోతలయ్యాక రెండు నెలలు తప్ప మిగతా అంతా ఖాళీగానే ఉంటుంది. చిన్న రైతు వరితో పాటు చేపలు, బాతులు, గట్టు పంటలు కలిపి చేసే ఈ సమీకృత సాగులోకి రావడానికి, నన్నడిగితే, అసలు కారణం ఆ ఖాళీలే. దిగుబడి పెరుగుతుందని, నేల బాగుపడుతుందని మీటింగుల్లో చెప్తారు, అందులో అబద్ధమేం లేదు గానీ, పిల్లల ఫీజు జూన్‌లో కట్టాలి, వడ్లు డిసెంబర్‌లో వస్తాయి. రెండో కారణం భయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను గజపతి జిల్లా మీద పడింది సరిగ్గా వరి ఈనే రోజుల్లో, ఒక్క పంటనే నమ్ముకున్నవాడికి ఆ ఏడాది ఇక అంతే సంగతులు.

సరే, గుంట సంగతి చూద్దాం. 10 సెంట్ల గుంట, నీళ్లు ఒకటిన్నర మీటరు లోతు ఉంటే చాలు. పాత గుంటైతే ముందు కొర్రమీను, వాలుగ లాంటివి పోవాలి, లేకపోతే మీరు కొన్న చేపపిల్లలన్నీ వాటికి విందే. వేసవిలో నీళ్లు మీటరు లోతుకి తగ్గినప్పుడు సుమారు 100 కిలోల ఇప్ప చెక్క (ఇప్ప గింజల నూనె తీయగా మిగిలిన పిండి) నానబెట్టి చల్లండి. చచ్చి తేలిన చేపల్ని తినొచ్చు, చెక్క తర్వాత ఎరువవుతుంది. విషం విరగడానికి మూడు వారాలు పడుతుంది, తొందరపడొద్దు. ఈలోగా 10 నుంచి 20 కిలోల సున్నం, తర్వాత పశువుల పేడ వేస్తే నీళ్లు లేత ఆకుపచ్చకి తిరుగుతాయి.

పిల్లలు 240 సరిపోతాయి: బొచ్చె నూటికి 40, రోహు 30, మ్రిగాల 30. బొచ్చె పైన, రోహు మధ్యలో, మ్రిగాల అడుగున తింటాయి కాబట్టి ఒకదాని మేతకి ఒకటి పోటీ రాదు. చవకని 500 పిల్లలు వదిలితే ఏడాది చివర అన్నీ వేలెడంతే ఉంటాయి. మీ గుంట ఫిబ్రవరికే ఎండిపోయేదైతే చిన్న పిల్లలు వద్దు, ఏడాది వయసున్నవి కొని వదలండి.

బాతులు పది చాలు. చేపపిల్లలు పది సెంటీమీటర్ల పొడవు దాటాకే వాటిని నీళ్లలోకి దింపాలి, ముందే దింపితే మింగేస్తాయి. గట్టు అంచున వెదురుతో గూడు కట్టి, రెట్ట గుంటలోకే పడేలా నేలలో సందులు వదలండి. ఆ రెట్టతో నీళ్లలో నాచు, సన్నపురుగు పెరిగి చేపలకి మేతవుతాయి, మీరు కొనే తవుడు, చెక్క ఖర్చు తగ్గుతుంది. ఉదయం తొమ్మిదయ్యే దాకా గూడు తలుపు తీయకండి. బాతులు గుడ్లు పెట్టేది తెల్లవారుజామునే, ముందే వదిలితే ఆ గుడ్లు గడ్డిలో వెతుక్కోవాలి.

వేకువన చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే నీళ్లలో గాలి తగ్గిందని అర్థం. పేడ ఆపండి, కొత్త నీళ్లు పైనుంచి చిమ్మేలా కొట్టండి. మందు కొట్టిన పత్తి చేను నీళ్లు గుంటలోకి రాకుండా చూసుకోండి. గట్టు మాత్రం మీ ఊళ్లో వరద ఎక్కిన గుర్తుకంటే ఎత్తుండాలి, లేకపోతే మీ చేపలు పక్కవాడి మడిలో ఈదుతాయి.

సబ్సిడీకి తవ్వి, పక్కన ఏదీ పెట్టకుండా వదిలేసిన గుంట సమీకృత సాగు కాదు, అది ఒట్టి గొయ్యి. అలాగే ఒక మాట మగవాళ్లకి: గుడ్ల డబ్బు వారం వారం సంతలో ఆడవాళ్ల చేతికొస్తుంది, మంచిదే, కానీ మేత, గూడు శుభ్రం, పేడ మోత కూడా వాళ్ల నెత్తినే పడితే రెండో ఏడు బాతుల్ని అమ్మేస్తారు. పనికి సూరత్ వలస వెళ్లే మనిషి, గుంట పని ఎక్కువుండే నెలల్లో ఊళ్లోనే ఉండగలడా అని ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

వచ్చే పాఠానికి పని: అదే పన్నెండు నెలల పట్టీలో గుడ్లు ఏ నెల నుంచి, చేపలు ఏ నెలలో అని వేరే రంగుతో నింపి, ప్రతి పని పక్కన అది చేసే మనిషి పేరు రాయండి. గట్టు మీద బొప్పాయి, కంది, పాదులు ఎలా పెట్టాలో అప్పుడు చూద్దాం.