జర్మనీలో పీఆర్: బ్లూ కార్డ్ వచ్చిన నెల నుంచే మొదలుపెట్టండి

మాస్టర్స్ పూర్తయి, ఉద్యోగం దొరికి, బ్లూ కార్డ్ (మంచి జీతమున్న డిగ్రీ ఉద్యోగులకిచ్చే పర్మిట్) చేతికి రాగానే మన పిల్లలు చాలామంది జర్మన్ పుస్తకాలు మూలన పడేస్తారు. ఆఫీసులో అంతా ఇంగ్లీషే కదా అంటారు. ఇక్కడ మ్యూనిక్‌లో పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) గురించి నన్నడిగే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందు నేను చెప్పేది, ఆ పుస్తకాలు మళ్లీ తీయమనే.

బ్లూ కార్డ్ ఉద్యోగంలో 27 నెలలు చేస్తే ఏ1 (మొదటి మెట్టు) జర్మన్‌తో పీఆర్‌కి అర్హత వస్తుంది. బీ1 (మధ్యస్థాయి) ఉంటే 21 నెలలు చాలు. ఆ ఆరు నెలలు చాలా విలువైనవి. ఈ రోజుల్లో ఏ కంపెనీ ఎప్పుడు ఎవరిని తీసేస్తుందో తెలియదు. పీఆర్ ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయినా వీసా పోదు, నిదానంగా ఇంకోటి వెతుక్కోవచ్చు. పైగా రేపు సిటిజన్‌షిప్‌కీ బీ1 కావాలి. సాయంత్రం క్లాసులో చేరి, మొదటి ఏడాదిలోనే పరీక్ష రాసేయండి.

ఈ నెలల లెక్క మీరు పెన్షన్ కట్టిన రికార్డులో తేలుతుంది. జీతంలో 9.3 శాతం మీ వాటా, అంతే కంపెనీ వాటా. డోయిచె రెంటెన్‌ఫెర్‌జిషెరుంగ్ అనే ప్రభుత్వ పెన్షన్ సంస్థ నుంచి మీ పెన్షన్ రికార్డు ఉచితంగా తెప్పించుకుని, ఒక్కో నెలా సరిచూసుకోండి. చదువుకుంటూ పార్ట్‌టైమ్ చేసిన నెలలు అందులో కనిపించినా ఈ లెక్కలోకి రావు.

'లేబెన్ ఇన్ డోయిచ్‌లాండ్' అని జర్మనీ చట్టాలు, సమాజం గురించి అడిగే పరీక్షకి భయపడక్కర్లేదు. 33 ప్రశ్నల్లో 15 సరిగ్గా రాస్తే పీఆర్‌కి సరిపోతుంది. 17 వస్తే సిటిజన్‌షిప్‌కీ పనికొస్తుంది కాబట్టి దానికే గురిపెట్టండి. 310 ప్రశ్నలూ ముందే బయట ఉంటాయి, ఫీజు 25 యూరోలు. ఫలితం రావడానికి వారాలు పడుతుంది, కనుక దీన్ని చివరికి పెట్టుకోకండి.

మిగతావి మామూలు కాగితాలే: పాస్‌పోర్టు, జాబ్ కాంట్రాక్ట్, ఈమధ్య పేస్లిప్‌లు, ఇన్సూరెన్స్ లెటర్, ఇంటి అగ్రిమెంట్. షేరింగ్‌లో ఉంటూ అగ్రిమెంట్‌లో పేరు లేనివాళ్లు ఓనర్ దగ్గర కాగితం రాయించుకోవాలి. పీఆర్ ఫీజు 113 యూరోలు. జీతం నిలకడగా ఉందని చూపించాలి కాబట్టి, అప్లై చేసే ముందు ఉద్యోగం మారొద్దనే అంటాను. బ్లూ కార్డ్ గడువు దగ్గరపడితే అది ముగియకముందే అప్లికేషన్ పెట్టి, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అనే తాత్కాలిక పత్రం అడిగి తీసుకోండి.

బ్లూ కార్డ్‌కి కావాల్సినంత జీతం లేనివాళ్లూ దిగులుపడొద్దు. ఇక్కడే డిగ్రీ చేసి, స్కిల్డ్ వర్కర్ పర్మిట్ మీద రెండేళ్లు చేసి, 24 నెలల పెన్షన్ కట్టి, బీ1 ఉంటే వాళ్లకీ పీఆర్ దారి ఉంది.

పీఆర్ వచ్చాక అమ్మకో నాన్నకో ఒంట్లో బాగోక ఊరెళ్లి చాలాకాలం ఉండాల్సిరావచ్చు. మామూలు పీఆర్ ఆరు నెలలు దేశం బయట ఉంటే రద్దవుతుంది, బ్లూ కార్డ్ నుంచి వచ్చినవాళ్లకి 12 నెలల వరకు వీలుంది. అంతకన్నా ఎక్కువ పడుతుందనిపిస్తే, బయల్దేరకముందే ఫారినర్స్ ఆఫీసుకి రాసి గడువు పెంచమని అడగండి.