లోక్‌సభకు ఇండిపెండెంట్‌గా నామినేషన్ వేయాలంటే

వయసు 25 నిండాలి, దేశంలో ఎక్కడైనా ఓటుండాలి. ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఓటరు జాబితా సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. నామినేషన్ పత్రమైన ఫారం 2ఏలో పదిమంది ప్రతిపాదకులు సంతకం చేయాలి, వాళ్లంతా పోటీచేసే నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. వాళ్ల పార్ట్ నంబరు, సీరియల్ నంబరు ఓటరు జాబితాతో సరిచూడండి. ఒక్కరు చెల్లకపోయినా ఆ నామినేషన్ సెట్టు పోయినట్టే. నాలుగు సెట్ల వరకు వేయొచ్చు కాబట్టి, వేర్వేరు ప్రతిపాదకులతో రెండైనా వేయండి.

డిపాజిట్ 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 12,500. చెక్కు తీసుకోరు. కేసులు, ఆస్తులు, అప్పులు తెలిపే ఫారం 26 అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలొద్దు, చెప్పేదేమీ లేకపోతే ‘లేదు’ అని రాయండి. ఎన్నికల ఖర్చుకు కొత్త బ్యాంకు ఖాతా నామినేషన్‌కు ముందురోజుకల్లా తెరవాలి. రాజ్యాంగానికి విధేయంగా ఉంటానని అభ్యర్థి చేయాల్సిన ప్రమాణం చాలామంది మరిచిపోతారు: నామినేషన్ వేశాక, నామినేషన్ల పరిశీలన తేదీకి ముందే చేయాలి.